రికార్డింగులో దొరికిన ప్రశ్న: ఐఎఫ్‌పీ తరగతిలో ఒక ఉపాధ్యాయిని స్వీయ పరిశీలన

ప్రకాశం జిల్లా పడమటి మండలాల్లో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో 2023-24 విద్యా సంవత్సరంలో జరిగిన సంగతి ఇది. నేను డైట్‌లో, అంటే జిల్లా విద్యా శిక్షణ సంస్థలో, అధ్యాపకుడిని. సైన్సు ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వడం, బడులకు వెళ్ళి పాఠాలు చూడడం నా పని. ఇక్కడ ఎవరి గురించి రాస్తున్నానో ఆ ఉపాధ్యాయిని అనుమతి తీసుకున్నాను, రాసింది ఆమెకు చదివి వినిపించాను. ఊరి పేరు, బడి పేరు రాయడం లేదు. మనుషులను గుర్తు పట్టించే వివరాలు కొన్ని మార్చాను. పాఠం, పిల్లల జవాబులు, మేము తీసుకున్న నిర్ణయాలు మాత్రం జరిగినవి జరిగినట్టే ఉన్నాయి.

స్వీయ పరిశీలన గురించి శిక్షణల్లో నేను చాలాసార్లు మాట్లాడాను. ఏడాదికి కనీసం 50 గంటల వృత్తి శిక్షణ ఉండాలని జాతీయ విద్యా విధానం 2020 చెప్పింది. ఆ గంటల్లో ఈ అంశం తప్పక వస్తుంది. అందరూ తల ఊపుతారు, ఇంటికి వెళ్తారు. దాన్ని ఒక మామూలు పనిరోజున, సిలబస్సు తరుముతుండగా, ఒక ఉపాధ్యాయిని ఎలా చేయగలదో నాకు నిజంగా తెలిసింది ఈ కేసులోనే.

నేపథ్యం

ఆ బడికి చుట్టుపక్కల ఐదారు ఊళ్ళ పిల్లలు వస్తారు. మెట్ట ప్రాంతం. వాన పడితే పంట, లేకపోతే కొందరు తల్లిదండ్రులు పిల్లలను అవ్వాతాతల దగ్గర వదిలి పనులకు వలస వెళ్తారు. బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ కాబట్టి తాగే నీటి మీద అందరికీ పట్టింపు ఉంటుంది. ఓవర్‌హెడ్ ట్యాంకు, దాని వాల్వు, కుళాయి దగ్గర బిందెల వరుస ఆ పిల్లలకు పుట్టినప్పటి నుంచీ తెలిసినవే. ఈ వివరం ఎందుకు చెబుతున్నానో ముందు ముందు తెలుస్తుంది.

ప్రభుత్వ బడులను బాగుచేసే నాడు-నేడు కార్యక్రమం 2019 నవంబర్ 14న మా ఒంగోలులోనే మొదలైంది. ఈ బడికి కూడా అందులో మరమ్మతులు జరిగాయి, 2023లో తరగతి గది గోడకు ఐఎఫ్‌పీ (ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానల్), అంటే తాకి నడిపే పెద్ద డిజిటల్ తెర, బిగించారు. అంతకుముందే 2022 డిసెంబర్‌లో ఎనిమిదో తరగతి పిల్లల చేతికి ట్యాబులు వచ్చాయి. అదే ఏడాది ఎనిమిదో తరగతికి ఎన్‌సీఈఆర్‌టీ పాఠాలు వచ్చాయి, ఒక పేజీ ఇంగ్లీషులో, ఎదుటి పేజీ తెలుగులో. మాధ్యమం, సిలబస్సు, పరికరం మూడూ కొద్ది కాలంలోనే మారిపోయాయి. ఏది మారినందువల్ల ఏది జరుగుతోందో విడదీసి చూసుకునే తీరిక ఏ ఉపాధ్యాయుడికీ దొరకలేదు.

ఈ మేడం భౌతికశాస్త్రం స్కూల్ అసిస్టెంట్. 17 ఏళ్ళ సర్వీసు. ప్యానల్ అంటే భయం లేదు. బిగించిన వారం రోజుల్లోనే పెన్నుతో రాయడం, బొమ్మలు దించుకోవడం, ఫోను కలపడం నేర్చుకుని తోటివారికి నేర్పారు. సాంకేతికత రాకపోవడం ఇక్కడ సమస్య కాదని మొదటే చెప్పడం అవసరం, ఎందుకంటే ఇలాంటి కేసు వినగానే ‘ఇంకో శిక్షణ ఇస్తే సరిపోతుంది’ అనేస్తారు.

వచ్చిన సమస్య

జూలైలో చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశం జరిగిన రోజు, భోజనాల దగ్గర ఆమె నా పక్కన కూర్చుని అన్న మాటలు ఇవి.

“సార్, ప్యానల్ పెట్టాక క్లాసు చాలా నిశ్శబ్దంగా ఉంటోంది. ఒక్కరు కూడా అల్లరి చేయరు. స్లిప్ టెస్టు పెడితే మాత్రం చేతులెత్తేస్తున్నారు. ఇంతకుముందు అల్లరీ చేసేవాళ్ళు, రాసేవాళ్ళు కూడా.”

నాకు ఆ ‘నిశ్శబ్దం’ అనే మాట పట్టుకుంది. మా వృత్తిలో నిశ్శబ్దాన్ని శ్రద్ధగా లెక్క వేసే అలవాటు ఉంది. బడికి ఎవరైనా అధికారి వస్తే వరండాలో నడుస్తూ చూసేది కూడా అదే. ఆమె మాత్రం దాన్ని అనుమానించారు. అప్పటికి ఆమె దగ్గర ఉన్న ఆధారం ఆ అనుమానం ఒక్కటే.

ఎనిమిదో తరగతిలో 36 మంది పిల్లలు. పాఠం ‘బలం - పీడనం’. ద్రవాల పీడనం లోతును బట్టి పెరుగుతుందన్న భాగం ప్యానల్‌పై వీడియోతో చెప్పారు. తరువాత స్లిప్ టెస్టులో ఒక ప్రశ్న ఇచ్చారు: వెడల్పాటి తొట్టిలోనూ సన్నటి గొట్టంలోనూ నీటి మట్టం ఒకే ఎత్తులో ఉంటే, అడుగున పీడనం దేనిలో ఎక్కువ, ఎందుకు? ఆ రోజు వచ్చిన 34 మందిలో 27 మంది ‘వెడల్పాటి తొట్టి’ అని రాశారు. వీడియోలో జవాబు స్పష్టంగా ఉంది. పిల్లలు దాన్ని రెప్ప వాల్చకుండా చూశారని ఆమె చెప్పారు.

మొదట చేసినవి, అవి పనికిరాని తీరు

నేను మొదట ఇచ్చింది 12 ప్రశ్నల పత్రం. రోజూ పాఠం అయ్యాక నింపాలి. లక్ష్యం నెరవేరిందా, సాంకేతికతను తగిన చోట వాడానా, అందరు పిల్లలూ పాల్గొన్నారా, రేపు ఏం మార్చుకుంటాను, ఇలా సాగుతుంది. దాన్ని తయారు చేసింది నేనే, చాలా శిక్షణల్లో పంచిందీ నేనే. ఆమె మూడు వారాలు ఒక్క రోజు తప్పకుండా నింపారు. నేను వెళ్ళి చూస్తే, మొదటి రోజు నుంచి చివరి రోజు వరకు మూడే వాక్యాలు తిరుగుతున్నాయి: పాఠం బాగా జరిగింది. పిల్లలు ఆసక్తిగా పాల్గొన్నారు. వెనుకబడిన వారిపై మరింత శ్రద్ధ పెట్టాలి.

ఆమె బద్ధకించారని ఎవరైనా అనుకుంటే అది అన్యాయం. కారణాలు రెండు కనిపించాయి. టీచింగ్ డైరీ, పాఠ్య ప్రణాళిక, మార్కుల రిజిస్టరు, ఏది రాసినా ప్రధానోపాధ్యాయుడు సంతకం చేస్తారు, పైవాళ్ళు చూస్తారు. ఏళ్ళ తరబడి అలా రాసిన చెయ్యి, ఈ పత్రం కూడా ఎవరో చూస్తారనే లెక్కతోనే రాస్తుంది. అందులో తప్పు ఒప్పుకోవడమంటే చేతులారా మెమో తెచ్చుకోవడమే కదా. రెండో కారణం ఇంకా లోతైనది. సాయంత్రం కూర్చుని పాఠాన్ని గుర్తు చేసుకుంటే మనం చేద్దామనుకున్నది గుర్తొస్తుంది, చేసింది రాదు. ఆమె పిల్లలను ప్రశ్నలు అడగాలని అనుకున్నారు, కాబట్టి అడిగినట్టే గుర్తుంది. నా పత్రం ఆమె జ్ఞాపకాన్ని అడుగుతోంది తప్ప తరగతిని అడగడం లేదు.

తరువాత లెక్కల మాస్టారిని వెనుక కూర్చుని చూడమన్నాం. ఆయన చూసి ‘చాలా బాగుంది మేడం’ అన్నారు. ఒకే స్టాఫ్ రూములో పదేళ్ళుగా కలిసి టీ తాగే మనుషుల మధ్య అంతకంటే వేరే మాట రాదు.

మూడోసారి వీడియో ఆలోచన వచ్చింది. ఫోను కిటికీలో పెట్టి ఒక పీరియడ్ తీశారు. చూసుకుని ఆమె నాకు చెప్పినవి: తన గొంతు కీచుగా ఉంది, ఇంగ్లీషు మాటలు తడబడుతున్నాయి, బోర్డు వైపే ఎక్కువ నిలబడ్డారు. పిల్లల గురించి ఒక్క మాట లేదు. మనిషికి తన బొమ్మ కనిపిస్తే కళ్ళు దాని మీదే నిలుస్తాయి. పైగా ఆ రోజు పాఠం కెమెరా కోసం చెప్పిన పాఠమని ఆమెకే తెలిసిపోయింది. పిల్లల ముఖాలు రికార్డు కావడం నాకూ ఇష్టం లేదు. ఒక్క రోజుతో దాన్ని ఆపేశాం.

వినడం

బొమ్మ తీసేసి గొంతు మాత్రం ఉంచుదాం అన్నది ఆమె ఆలోచనే. ఫోనును బల్ల మీద బోర్లా పెట్టి వాయిస్ రికార్డర్ ఆన్ చేయడం, అంతే. పిల్లలకు ముందే చెప్పాలి, ప్రధానోపాధ్యాయుడికి చెప్పాలి, విన్నాక తుడిచేయాలి, ఎవరికీ పంపకూడదు అని నియమం పెట్టుకున్నాం. నేను ఇంకొకటి చేర్చాను: మొదటిసారి ఆమె ఒక్కరే వినాలి. నేను పక్కన ఉంటే ఆమె మళ్ళీ నాకోసం వింటారు.

ఏం వినాలి? ఈ ప్రశ్న మీద చాలాసేపు మాట్లాడుకున్నాం. ‘అన్నీ’ అంటే మళ్ళీ నా 12 ప్రశ్నల పత్రమే అవుతుంది. అందుకని మూడు లెక్కలే అనుకున్నాం. ఎన్ని ప్రశ్నలు అడిగారు, ప్రశ్నకు జవాబుకు మధ్య ఎంతసేపు ఆగారు, మూకుమ్మడిగా కాకుండా ఒంటరిగా ఎందరు పిల్లల గొంతులు వినిపించాయి. రెండోది ఎంచుకోవడానికి కారణం ఉంది. అమెరికాలో సైన్సు బోధనపై పరిశోధన చేసిన మేరీ బడ్ రో 1970లలోనే ఈ విరామాన్ని కొలిచారు. ఉపాధ్యాయులు సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారనీ, దాన్ని 3 సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడవవుతాయనీ, మామూలుగా మాట్లాడని వారు కూడా నోరు విప్పుతారనీ ఆమె చూపించారు. దీనికి ప్యానల్ అక్కర్లేదు, ఖర్చు లేదు. మూడు సెకన్లు ఎంతో చిన్నవిగా తోస్తాయి. తరగతి ముందు నిలబడి ఆగి చూస్తే వాటి పొడవు తెలుస్తుంది.

ఆ శనివారం సాయంత్రం బడి వదిలాక ఆమె స్టాఫ్ రూములో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, పాత వర్కుబుక్కు వెనుక పేజీలో గీతలు పెడుతూ విన్నారు. సోమవారం నాకు ఫోను చేశారు.

40 నిమిషాల పీరియడ్. అందులో 18 నిమిషాలు వీడియో గొంతే. ఆమె అడిగిన ప్రశ్నలు 31. అందులో ‘అర్థమైందా?’, ‘చూశారా?’ అనేవి 19. మిగిలిన 12లో తొమ్మిదింటికి ఆమే జవాబు చెప్పేశారు. ఒంటరిగా వినిపించిన పిల్లల గొంతులు నాలుగు.

“ఆ నాలుగోది వినండి సార్,” అని ఆ ముక్క ఒక్కటే వినిపించారు. వీడియోలో ఏదో విదేశీ ఆనకట్ట గురించి ఇంగ్లీషులో వ్యాఖ్యానం నడుస్తోంది. దాని అడుగున, సన్నగా, వెనుక బెంచీ నుంచి ఒక అమ్మాయి గొంతు: “మేడం, మా ఊరి చెరువు ట్యాంకు కంటే పెద్దది కదా, మరి చెరువు నీళ్ళకు ఆ తోపుడు ఎందుకు లేదు?” వెంటనే మేడం గొంతు: “ముందు వీడియో చూడమ్మా, అందులోనే చెబుతారు.”

వీడియోలో చెప్పలేదు. ఆ అమ్మాయి మళ్ళీ అడగలేదు.

ఆమె ఆ ముక్కను నాలుగుసార్లు విన్నారట. “నేను ఆ ప్రశ్నకు జవాబిచ్చాను, అంటే నా చెవిన పడింది. కానీ నాకు గుర్తే లేదు సార్. రికార్డు లేకపోతే ఆ పిల్ల అడిగిందన్న సంగతే నాకు తెలిసేది కాదు,” అన్నారు. పాఠం సారమంతా ఆ ప్రశ్నలో ఉంది. పీడనం నీటి పరిమాణాన్ని బట్టి కాదు, లోతును బట్టి ఉంటుందని చెప్పడానికి అంతకంటే మంచి వాక్యం నేను కూడా తయారు చేయలేను. 27 మంది తప్పు రాసిన కారణమూ, దాన్ని సరిదిద్దే దారీ రెండూ అందులోనే ఉన్నాయి. ప్యానల్ దాన్ని మింగేసింది అనుకోవడం సులువు. ఆమె అలా అనుకోలేదు. “మింగింది నేనే. వీడియో ఆపే బటన్ నా చేతిలోనే ఉంది,” అన్నారు.

అక్కడి నుంచి మా పత్రంలోని 12 ప్రశ్నలూ పోయి ఒకే ప్రశ్న మిగిలింది: ప్యానల్ ఆగినప్పుడు పిల్లలు ఏమన్నారు? వారానికి ఒక రికార్డింగు, ఆ ఒక్క ప్రశ్నకు జవాబు, ఒక చిన్న నోటుబుక్కులో. ఆ పుస్తకంపై సంతకం వద్దని ప్రధానోపాధ్యాయుడిని నేను వెళ్ళి అడిగాను. ‘సంతకం లేని రికార్డు ఎందుకండీ?’ అని ఆయన కాసేపు ఇబ్బంది పడ్డారు. ఎవరి కంటా పడని పుస్తకంలోనే నిజం రాయగలమని చెప్పాక ఒప్పుకున్నారు. నేను కూడా అడిగి చూడనని మాట ఇచ్చాను. ఇక్కడ రాసిన వాక్యాలు ఆమె తనంతట తాను చూపించినవి.

పాఠాన్ని మళ్ళీ చెప్పడం

పాత అలవాటైతే ఇంకో వీడియో వెతుకుతాం. కొలరాడో విశ్వవిద్యాలయం వారి ఫెట్ (PhET) అనుకరణల్లో, అంటే తెర మీద మనమే నడిపి చూసే సిమ్యులేషన్లలో, ‘అండర్ ప్రెషర్’ అని ఒకటి ఉంది, అందులో తొట్టి ఆకారం మార్చి పీడనం కొలవవచ్చు. ఉచితం, బాగుంటుంది. నేను దాన్ని సూచించాను. ఆమె వద్దనలేదు, కానీ వరుస మార్చారు. “ముందు వాళ్ళు ఏమనుకుంటున్నారో చెప్పాలి, తరువాత నీళ్ళు చూడాలి, ఆఖరున ప్యానల్,” అన్నారు.

చెరువు, ట్యాంకు ప్రశ్న బోర్డు మీద రాసి, అది అడిగిన అమ్మాయి పేరు కూడా పక్కన రాసి, జవాబు ఊహించి రాయమన్నారు. తరువాత వరండాలోకి తీసుకెళ్ళారు. రెండు సీసాలు, ఒకటి రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా, ఇంకొకటి అర లీటరు నీళ్ళ సీసా. రెండింటికీ అడుగు నుంచి ఒకే ఎత్తులో ఒకే మేకుతో రంధ్రం, దాని మీద ప్లాస్టర్ ముక్క. నీటి మట్టం రెండింటిలో సమానం. ప్లాస్టర్లు ఒకేసారి లాగితే రెండు ధారలూ ఒకే దూరంలో పడాలి.

ఇక్కడ తోటి ఉపాధ్యాయులకు ఒక మాట. ఒకే సీసాకు మూడు ఎత్తుల్లో రంధ్రాలు పెట్టి, ‘అడుగు రంధ్రం నుంచి నీరు ఎక్కువ దూరం పోతుంది’ అని చూపే ప్రయోగం మనందరికీ అలవాటు. సీసాను నేల మీద పెట్టి చేస్తే అది జరగదు. నిండు సీసాకు సగం ఎత్తులో ఉన్న రంధ్రం నీరే ఎక్కువ దూరం పోతుంది, ఎందుకంటే అడుగు ధారకు వేగం ఉన్నా పడడానికి ఎత్తు ఉండదు. సీసాను అరుగు అంచున పెట్టి, నీరు బాగా కిందికి పడేలా చేయాలి. చాలా బొమ్మల్లో ఇది తప్పుగా ఉంటుంది. పిల్లలు చూసింది ఒకటి, మనం రాయించేది ఒకటి అయితే నష్టపోయేది పిల్లల కన్ను.

ఆ రోజు వరండాలో ప్లాస్టర్లు లాగారు. క్షణం పాటు రెండు ధారలూ సమానంగానే వెళ్ళాయి. ఆ వెంటనే చిన్న సీసా ధార గబగబా వెనక్కి తగ్గింది, పెద్ద సీసాది నిలబడింది. పిల్లలు ఒక్కసారిగా “పెద్ద సీసాదే ఎక్కువ దూరం పోతోంది మేడం!” అని అరిచారు. సరిచేయాలనుకున్న పొరపాటును ప్రయోగమే స్థిరపరిచేలా ఉంది.

నేను అప్పుడు వరండా చివర నిలబడి ఉన్నాను. నోటి దాకా వచ్చిన మాటను ఆపుకున్నాను. పని అయ్యాక ఆలోచించడం వేరు, పని మధ్యలోనే ఆలోచించి దారి మార్చుకోవడం వేరు అని అమెరికా పండితుడు డోనాల్డ్ షాన్ 1983లో చేసిన విభజనను నేను ఎన్నో తరగతుల్లో పాఠంగా చెప్పాను. అది కళ్ళ ముందు జరగడం చూసింది ఆ రోజే. ఆమె ‘కాదు, సమానంగానే పోయాయి, మీరు సరిగా చూడలేదు’ అనలేదు. కాసేపు ఊరుకున్నారు. తరువాత అడిగారు: “మొదట్లో ఎలా ఉంది? ఇప్పుడెలా ఉంది? మధ్యలో ఏం మారింది?”

సగం మంది మొదట సమానమన్నారు, సగం మంది కాదన్నారు. తేల్చడానికి ఆమె ఫోను తీశారు. సీసాల మీద మార్కరుతో సెంటీమీటరుకు ఒక గీత గీయించారు. ఫోనును స్టూలు మీద కదలకుండా పెట్టి, సీసాలూ ధారలూ మాత్రమే పడేలా, పిల్లలెవరూ కనిపించకుండా వీడియో తీశారు. గదిలోకి వచ్చి ప్యానల్‌కు కలిపి, నడిపి, ఆపి, నడిపి, ఆపి చూపించారు. ఆపిన ప్రతిసారీ ఒక పిల్లవాడు వచ్చి ప్యానల్ పెన్నుతో నీటి మట్టం దగ్గర ఒక చుక్క, ధార పడిన చోట ఒక చుక్క పెట్టాలి.

పది నిమిషాలకు ఒక అబ్బాయి లేచాడు. “మేడం, చిన్న సీసాలో నీళ్ళు తొందరగా దిగిపోతున్నాయి, అందుకే తగ్గుతోంది. పెద్ద దాంట్లో కూడా అక్కడికి దిగినప్పుడు చూడండి.” పెద్ద సీసాలో మట్టం అదే గీతకు దిగేదాకా వీడియో నడిపారు. ధార సరిగ్గా ఆ అబ్బాయి వేలు పెట్టిన చోటే పడింది. గదిలో వచ్చిన ఆ కేక నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. ఆ రోజు తరగతిలో నిశ్శబ్దం లేదు.

ప్యానల్ ఆ గదికి ఎందుకు కావాలో నాకు అప్పుడు అర్థమైంది. క్షణంలో జారిపోయేదాన్ని ఆపి, అందరూ ఒకే చోట చూసి, వేలు పెట్టి వాదించుకునేలా చేయగలిగింది అదే. నల్లబోర్డు ఆ పని చేయలేదు, తయారుగా దొరికే వీడియో కూడా చేయలేదు, ఎందుకంటే అందులో నీళ్ళు వాళ్ళవి కావు. ఆఖరున అనుకరణ కూడా చూపారు. అప్పటికి పిల్లలకు అది తమ ఊహను సరిచూసుకునే చోటు అయింది. విదేశీ ఆనకట్ట బదులు కంభం చెరువు కట్ట ఫొటో పెట్టారు. గుండ్లకమ్మకు అడ్డంగా కొండల మధ్య విజయనగర కాలంలో కట్టిన ఆ కట్టను కొందరు పిల్లలు చూసి ఉన్నారు కూడా. కట్ట అడుగు ఎందుకంత మందంగా ఉండాలో చెప్పడానికి వాళ్ళకు వ్యాఖ్యాత అక్కర్లేకపోయింది. చెరువు ప్రశ్న అడిగిన అమ్మాయి తన జవాబు తానే చెప్పింది: ట్యాంకు చిన్నదే, కానీ కుళాయి దాని కంటే చాలా కింద ఉంది. చెరువు పెద్దదే, కానీ అది మన కాళ్ళ దగ్గరే ఉంది.

ఎంత వరకు పనిచేసింది

అదే స్లిప్ ప్రశ్న మళ్ళీ ఇస్తే తప్పు రాసినవారు 27 నుంచి 11కు తగ్గారు. రెండు వారాల తరువాత చెప్పకుండా పెడితే 13. ఇద్దరు పాత ఆలోచనకు తిరిగి వెళ్ళారు. ఇది ఒక తరగతి, ఒక పాఠం. ఒకే భాగాన్ని రెండోసారి చెబితే కొంత మెరుగు ఎలాగూ ఉంటుంది, కాబట్టి ఈ తగ్గుదలంతా రికార్డింగు పుణ్యమని నేను చెప్పను. నేను నమ్మేది వేరే లెక్కను. ఆ నెలాఖరు రికార్డింగులో ఒంటరిగా వినిపించిన గొంతులు 14, అందులో తొమ్మిది అమ్మాయిలవి. ‘అర్థమైందా?’ అనేది ఐదుకు తగ్గింది. ప్రశ్న తరువాత ఆగడం మాత్రం ఆమెకు చాలా కష్టమైంది. మొదట్లో మనసులో ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకునేవారు. అలా లెక్కపెడుతూ జవాబు వినడం మరిచిపోయానని ఒక వారం నోటుబుక్కులో రాసుకున్నారు. తరువాత, ప్రశ్న అడిగి కిటికీ దాకా నడిచి రావడం అలవాటు చేసుకున్నారు.

‘ఘర్షణ’ పాఠంలో వెనకడుగు పడింది. ఆ వారం తనిఖీ ఉందన్నారు. ప్యానల్ ఎన్ని గంటలు వాడారన్న లెక్క అడుగుతారని బడిలో అందరూ హడావుడి పడ్డారు. ఆమె మళ్ళీ పీరియడంతా వీడియో నడిపారు. ఆ రికార్డింగును ఆమె తుడిచేయలేదు, కూర్చుని విన్నారు. ‘ఈ రోజు ప్యానల్ ఒక్కసారి కూడా ఆగలేదు, కాబట్టి ప్రశ్నకు జవాబు లేదు’ అని ఒక్క వాక్యం రాశారు. పత్రం నింపే రోజుల్లో అయితే ఆ పాఠం కూడా బాగా జరిగినట్టే ఉండేది. పరికరం ఎంతసేపు వెలిగిందన్న లెక్క అడిగినంత కాలం ఉపాధ్యాయులు దాన్ని వెలిగించే ఉంచుతారు. ఈ విషయం మీద నాకు బాధ ఉంది, సమావేశాల్లో చెబుతూనే ఉన్నాను.

ఈ కేసు తరువాత నేను మార్చుకున్నవి

నా 12 ప్రశ్నల పత్రం పంచడం మానేశాను. స్వీయ పరిశీలన అడిగితే ముందు ఏదైనా ఒక ఆధారం, అంటే పది నిమిషాల రికార్డింగో, పిల్లలు రాసిన చీటీలో, వినమంటున్నాను లేదా చూడమంటున్నాను. రాయడం ఆ తరువాతే. ఒక ప్రశ్నకు మించి పెట్టుకోవద్దంటున్నాను, ఆ ప్రశ్న కూడా వాళ్ళ ఇబ్బంది నుంచే పుట్టాలి. ఇంకొక బడిలో సాంఘికశాస్త్రం ఉపాధ్యాయుడు ఇదే ‘ప్యానల్ ఆగినప్పుడు’ ప్రశ్నను తీసుకుంటే ఏమీ రాలేదు. ఆయన ఇబ్బంది వేరు, ఆయన అసలు ప్యానల్ ఆన్ చేసేవారే కాదు.

రహస్యం గురించి కూడా గట్టిగా చెబుతున్నాను. ఉపాధ్యాయురాలు తన గొంతు తాను విని, తన తప్పు తాను రాసుకున్న పుస్తకం పైఅధికారి బల్ల మీదికి వెళ్ళిన రోజున ఆ పని ముగిసినట్టే. కొందరు మిత్రులు, ‘పై పరిశీలన లేకపోతే జవాబుదారీతనం ఉండదు’ అంటారు. దానికి పిల్లల చీటీలు ఉన్నాయి, పరీక్షలు ఉన్నాయి, తనిఖీలు ఉన్నాయి. ఈ ఒక్క పుస్తకాన్ని వదిలేయమని నా ప్రార్థన.

ఒక విషయం ఇంకా తెగలేదు. మూడోసారి కూడా తప్పు రాసిన 13 మందిలో ఒక అబ్బాయి ఉన్నాడు. మూడుసార్లూ ఒకే జవాబు, ఒకే కారణం రాశాడు: వెడల్పు తొట్టిలో నీళ్ళు ఎక్కువ, బరువు ఎక్కువ, కాబట్టి అడుగున ఎక్కువ నొక్కుతుంది. మిగతా వారి జవాబులు అటూ ఇటూ మారాయి, వాడిది మారలేదు. ఆమె వాడిని మొండివాడు అనుకున్నారు, నేనూ అనుకున్నాను. డిసెంబరులో ఒక రోజు ఆమె నోటుబుక్కు తెరిచి నా ముందు పెట్టారు. అందులో ఇలా ఉంది: ‘వాడు చెప్పింది తప్పు కాదు. అడుగు మొత్తం మీద పడే బలం వెడల్పు తొట్టిలోనే ఎక్కువ. వాడు బలం గురించి చెబుతున్నాడు, నేను పీడనం గురించి అడుగుతున్నాను. మూడుసార్లు అడిగాను గానీ, ఒక చదరపు సెంటీమీటరు మీద ఎంత అని ఒక్కసారి కూడా అడగలేదు. సోమవారం వాడితో గళ్ళ కాగితం మీద రెండు తొట్ల అడుగులూ గీయించాలి. రికార్డు ఆన్ చేయాలి.’